పన్నెండు టిక్కులు

పదజాల విభాగం, రెండో అంతస్తు
జనవరి 9

చిన్నోడికి,

ఫోను చేస్తే అరుస్తావు. ఉత్తరంలో అరవాలంటే కాగితం చాలదు కాబట్టి ఇకమీదట మనిద్దరికీ ఉత్తరాలే మంచివని మీ బావ తీర్పు చెప్పారు. నాకూ అదే నయమనిపించింది. హాస్టల్లో ఉన్నప్పుడు నీకు వారానికొకటి రాసేదాన్ని, గుర్తుందా?

కొత్త ఉద్యోగంలో రెండు నెలలు గడిచాయి. ఇరవై ఏళ్లు వార్డులో నడిచిన కాళ్లు కదా, కూర్చుంటే వాస్తున్నాయి. ఈ గదిలో ఐదుగురం. ఇద్దరు కంప్యూటర్ వాళ్లు, ఒక డాక్టరు, రిటైరైన నర్సింగ్ టీచరమ్మ, నేను. మా పనేంటో నువ్వు అడిగావు. చెబుతాను విను.

మంచం మీద మనిషికి పుండు పడకుండా మనం పక్క మారుస్తాం. ఒక ఆసుపత్రిలో 'పక్క మార్చాను' అని రాస్తారు, ఇంకో చోట 'తిప్పాను', మరో చోట 'పొజిషన్ ఇచ్చాను'. మనకి అదంతా ఒకటే పని. కంప్యూటర్‌కి మూడు పనులు. రోగి ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి వెళ్తే అతనితో పాటు వెళ్లిన కాగితం అక్కడి వాళ్లకి సగమే అర్థమవుతుంది. అందుకని ప్రతి పనికీ ఒకే పేరు, ఒకే నంబరు పెట్టాలి. ఏ పని ఏ పెద్ద పని కిందికి వస్తుందో కొమ్మలూ రెమ్మలూ గీయాలి. అదీ మా పట్టిక.

మీ వార్డులో డ్యూటీ మారేటప్పుడు సిస్టర్లు ఒకరికొకరు ఏ మాటల్లో అప్పజెబుతారో రాసి పంపు. పుస్తకం మాటలు వద్దు. నోటి మాటలు కావాలి.

అక్క

మగవాళ్ల వార్డు, మూడో అంతస్తు
జనవరి 21

అక్కా,

నీ ఉత్తరం వార్డంతా చదివి వినిపించాను. "మన మాటలు కూడా కంప్యూటర్లోకి ఎక్కుతాయా!" అని ఒకావిడ ముక్కున వేలేసుకుంది. నేను బల్లెక్కి ఉపన్యాసం ఇచ్చానంటే నమ్ముతావా? బల్ల కాదులే, ఆక్సిజన్ సిలిండర్ల పెట్టె. పేరు లేని పని ఎవరికీ కనబడదు, కనబడని పని చేసేవాళ్లని ఎవరూ మనుషులుగా లెక్కెయ్యరు, మన పనికి మనమే పేరు పెట్టుకునే రోజు వచ్చింది అన్నాను. నేను చదివే చిన్న పుస్తకాలన్నీ చెప్పేది ఇదే. ఇక్కడ నా పేరు 'కరపత్రం'. రోగులు కూడా "కరపత్రం బ్రదర్, నీళ్లు" అంటున్నారు.

నలభై ఆరు మాటలు దీంతో పంపుతున్నాను. అన్నిట్లోకీ ముఖ్యమైనది ఒకటుంది. దాని కథ చెప్పాలి.

మా పెద్ద సిస్టర్ ఒకావిడ ఉంది. అందరూ గడియారం సిస్టర్ అంటారు. ఆవిడ వస్తే గోడ గడియారం సరిచేసుకోవచ్చు. పోయిన వారం మధ్యాహ్నం ఏడో మంచం మీద ఒక వడ్రంగి మేస్త్రీ ఉన్నాడు. కడుపులో నొప్పని చేరాడు. నాడి బాగుంది, బీపీ బాగుంది, జ్వరం లేదు. నేను అన్నీ రాసి పక్కకెళ్లాను. ఆవిడ మాత్రం స్టూలు లాక్కుని అతని దగ్గర కూర్చుంది. "ఏంటి సిస్టర్, విశ్రాంతా?" అని నేనే వేళాకోళం ఆడాను. ఆవిడ అరగంట అలాగే కూర్చుని లేచి నేరుగా డాక్టరు గదికి వెళ్లింది. "ఏడో మంచం మేస్త్రీ దుప్పటిని జానలతో కొలుస్తున్నాడు సార్. ఇందాకటి దాకా నాతో వాళ్లావిడ గురించి మాట్లాడిన మనిషి ఇప్పుడు గుడ్డని చెక్కనుకుంటున్నాడు. వచ్చి చూడండి" అంది. డాక్టరు విసుక్కుంటూ వచ్చాడు. లోపల రక్తం కారుతోంది అక్కా! గంటలో ఆపరేషన్. బతికాడు. నిన్న స్టూలు కాలు ఊగుతోందని తనే మరమ్మతు చేసి ఇంటికెళ్లాడు.

ఆవిడ పుస్తకంలో ఏం రాసిందో తెలుసా? 'ఏడో మంచం. కనిపెట్టుకుని ఉన్నాను.' అంతే.

ఈ మాట మీ పట్టికలోకి రావాలి. మిగతా నలభై ఐదూ పోయినా సరే. ఇది రాకపోతే ఆ పట్టిక నర్సులది కాదు.

తమ్ముడు

పదజాల విభాగం
ఫిబ్రవరి 6

ఒరేయ్ కరపత్రం,

నీ ఉత్తరం మా గదిలో గట్టిగా చదివాను. టీచరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. డాక్టరు మాత్రం "కూర్చోవడం ఒక పనా?" అన్నాడు. గంటసేపు పోట్లాడాను. చివరికి 'కనిపెట్టుకుని ఉండటం' పరీక్షకి పెట్టడానికి ఒప్పుకున్నారు.

పరీక్ష ఎలాగో జాగ్రత్తగా చదువు. ఒక మాట పట్టికలోకి రావాలంటే అది మనకి నచ్చితే చాలదు. వేరు వేరు చోట్ల పనిచేసే నర్సులు ఎవరికి వాళ్లు ఆలోచించినా ఆ మాటని ఒకే పనికి వాడాలి. అందుకని మూడు వార్డులు ఎంచాం. మీది మూడోది. ఐదు చిన్న కథలున్న కాగితం పంపుతున్నాను. ఒక్కో కథ కింద నాలుగు మాటలుంటాయి, సరైనదని తోచిన దానికి టిక్కు పెట్టాలి. ఐదోది మీ మేస్త్రీ కథే, ఊరూ పేరూ లేకుండా రాశాను. మూడోది దానికి దగ్గరగా కనిపించే ఇంకో కథ: ఊపిరాడని మనిషికి యంత్రం తగిలించి ఉంది, నర్సు పావుగంటకోసారి వచ్చి అంకెలు చూసి రాసుకుని వెళ్తోంది. తేడా తెలుస్తుందో లేదోనని కావాలనే పెట్టాను.

మీ వార్డులో పన్నెండు మంది. పన్నెండు కాగితాలు. ఎవరిది వాళ్లే నింపాలి. ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. పేర్లు రాయక్కర్లేదు. పదిమందిలో ఎనిమిది మంది ఒకేలా పెడితే మాట నిలుస్తుంది. మూడు వార్డుల కాగితాలూ అందాలి, ఒకటి తగ్గినా ఆ మాటని ఈసారికి పక్కన పెడతారు. మార్చి పదికల్లా నా చేతిలో ఉండాలి.

మిగతా రెండు వార్డుల సంగతి నాకొదిలెయ్. నా చేతిలో ఉన్నంతవరకు ఆ మాటని పడనివ్వను.

అక్క

మగవాళ్ల వార్డు
మార్చి 5

అక్కా,

పన్నెండు కాగితాలూ రిజిస్టర్ పోస్టులో పంపాను. రసీదు కార్డు మీద నువ్వే సంతకం పెట్టు, ఎవరో గుమాస్తా చేత పెట్టించకు.

ఈ పది రోజులూ ఎలా గడిచాయో అడక్కు. ఇద్దరు సెలవు, ఒకరికి కాలు బెణికింది, వార్డు కిటకిట. కాగితం చేతికిస్తే "రేపు బాబూ", "కళ్లజోడు ఇంట్లో ఉంది", "నువ్వే చెప్పరాదూ ఏది పెట్టాలో" అంటారు. ప్రపంచాన్ని మార్చే కాగితం మీద ఒకావిడ మందు సీసా పెట్టి గుండ్రంగా మరక చేసింది! అయినా సాధించాం. పన్నెండుకి పన్నెండు. మూడో కథ రెండుసార్లు చదివాను. అంత పనిలో పావుగంటకోసారి మర్చిపోకుండా రావడం కనిపెట్టుకుని ఉండటం కాక మరేంటి?

ఇక గెలుపు మనదే.

తమ్ముడు

పదజాల విభాగం
మార్చి 9

తమ్ముడికి,

కాగితాలు చేరాయి. కార్డు మీద నేనే సంతకం పెట్టాను.

ఒక్కటి అడుగుతాను. సూటిగా జవాబు రాయి. వెంటనే రాయి. కాగితాలు అందరూ విడివిడిగా, ఎవరిది వాళ్లే నింపారు కదా?

అక్క

మగవాళ్ల వార్డు
మార్చి 12

అక్కా,

ఆఫీసు గాలి సోకితే ఇంతేనేమో! మనుషుల మాట మీద నమ్మకం పోతుంది, ప్రతిదానికీ సంతకం, సాక్ష్యం. అవును, అందరూ కూర్చుని ఎవరిది వాళ్లే నింపారు. చాలా? ప్రమాణ పత్రం కూడా పంపమంటావా?

తమ్ముడు

పదజాల విభాగం
మార్చి 17

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. పట్టిక నిన్నటితో మూసేశారు. ఇక్కడ గోడలకి కొత్త రంగు వేస్తున్నారు, తలనొప్పిగా ఉంది. కొన్నాళ్లు ఉత్తరాలు రాయలేనేమో.

అక్క

మగవాళ్ల వార్డు
జూన్ 14

అక్కా,

మూడు నెలలు నువ్వెందుకు నోరు మెదపలేదో ఇవాళ తెలిసింది.

పట్టిక వచ్చింది. కొత్త కంప్యూటర్ నర్సుల బల్ల మీద పెట్టారు. మొత్తం వెతికాను. 'పరిశీలన' ఉంది, దాని కింద నాడి, ఊపిరి, ఉష్ణోగ్రత, ఒక్కోదానికీ ఇన్ని నిమిషాలని. 'పక్క మార్చడం' ఉంది. నేను పంపిన వాటిలో పంతొమ్మిది ఉన్నాయి. ఆ ఒక్కటి లేదు. 'ఇతరములు' అని ఒక గడి ఉంది, అందులో ఎంత రాసినా సున్నా నిమిషాలు చూపిస్తుంది.

వెనకే సర్క్యులర్ దిగింది. పట్టికలో ఉన్న పనుల నిమిషాలు కూడితే మధ్యాహ్నం డ్యూటీకి ముగ్గురు అక్కర్లేదట, ఇద్దరు చాలట. మూడో మనిషి ఎవరు? గడియారం సిస్టర్! ఆవిడ ఆ డ్యూటీలో చేసేది ముప్పాతిక భాగం 'ఇతరములే'. పక్క భవనంలో బట్టల గదికి మార్చారు. ఇప్పుడు దుప్పట్లు లెక్కపెడుతోంది. వెళ్లేటప్పుడు ఆ స్టూలు ఏడో మంచం పక్కనే పెట్టి, "పోనీలే నాయనా, నువ్వు మాత్రం నీ శాయశక్తులా చేశావు" అంది. ఆ మాటకి నేలలోకి కుంగిపోయాను.

సరే, మాట పరీక్షలో ఓడిపోయిందేమో అనుకున్నాను. అలాగైతే తల వంచేవాణ్ణి. పట్టికతో పాటు మీ కమిటీ నివేదిక కూడా వచ్చింది. ముప్పై ఒకటో పేజీ చివర ఇలా ఉంది: 'కనిపెట్టుకుని ఉండటం: మూడో వార్డు నుంచి పత్రాలు అందలేదు. పరిగణనలోకి తీసుకోలేదు.' కింద నీ సంతకం.

అందలేదా? రసీదు కార్డు నా దగ్గరుంది. దాని మీదా నీ సంతకమే ఉంది. రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను. ఏది మా అక్కది?

డాక్టరు ఒత్తిడి చేశాడా? ఆ కుర్చీ పోతుందని భయపడ్డావా? జవాబు కావాలి.

తమ్ముడు

పదజాల విభాగం
జూన్ 22

తమ్ముడికి,

ఎవరూ ఒత్తిడి చేయలేదు. ఆ వాక్యం నేనే రాశాను.

ఇంకొకటి కూడా చెబుతాను, ఎందుకంటే ఇది ఎలాగూ నీకు తెలుస్తుంది. ఈ పట్టికతో వార్డుల్లో మనుషుల్ని లెక్కగడతారని ఫిబ్రవరిలోనే నాకు తెలుసు. బయట చెప్పకూడదన్నారు, చెప్పలేదు. మాట నిలిస్తే ఆ లెక్క మనకే మేలు చేస్తుందని ధైర్యంగా ఉన్నాను. అది నా తప్పు. గడియారం సిస్టర్‌కి నా మొహం చూపించలేను.

అంతకు మించి అడక్కు. ఆ కార్డు చింపెయ్. దయచేసి చింపెయ్.

అక్క

మగవాళ్ల వార్డు
జులై 19

పదజాల విభాగం అధికారిణి గారికి,

ఇందులో ఒక కరపత్రం జతపరిచాను. చిత్తగించండి. ఎనిమిది వందల కాపీలు వేశాం. ఈ పాటికి మీ మెట్ల మీద కూడా అంటించి ఉంటారు.

మొన్న మధ్యాహ్నం ఏడో మంచం మీద ఒక బడిపంతులు గారు పోయారు. రెండింటికి నాడి చూశాం, బాగుంది, నంబరు కొట్టాం. నాలుగింటికి వెళ్లేసరికి మనిషి చల్లబడిపోయి ఉన్నాడు. ఇద్దరమే ఉన్నాం, అవతల రెండు ఆపరేషన్ కేసులు వచ్చాయి. పక్క మంచం అతను చెప్పాడు, ఆయన మూడింటప్పుడు గాల్లో ఏదో రాస్తూ, ఎవర్నో కూర్చోమని చెయ్యి చూపించారట. స్టూలు ఖాళీగానే ఉంది. కంప్యూటర్‌ని అడిగితే ఆ వేళకి మేం చేయాల్సినవన్నీ చేసేశాం అంటుంది.

'పేరు లేని పని, పేరున్న ద్రోహి' అని శీర్షిక పెట్టాను. మీ పేరు వేయలేదు. 'ఒకప్పుడు మనతో పాటు తెల్ల బట్టలు కట్టిన ఒకావిడ' అన్నాను. రెండు సంతకాలూ పక్కపక్కన అచ్చు వేశాం. 'ఆ కార్డు చింపెయ్' అన్న మీ మాట కింద పెద్ద అక్షరాల్లో ఉంది.

ఒకప్పటి మీ తమ్ముడు

ఆడవాళ్ల వార్డు, కింది అంతస్తు
ఆగస్టు 11

చిన్నోడికి,

పైన చిరునామా మారింది, చూసే ఉంటావు. కమిటీ నన్ను పిలిచి నీ కరపత్రం బల్ల మీద పెట్టింది. "ఈ సంతకం మీదేనా?" నాదే. "కాగితాలు వచ్చాయా?" వచ్చాయి. "ఏమయ్యాయి?" పోగొట్టాను అన్నాను. "పోతే పోయాయని రాయాలి గానీ అందలేదని ఎందుకు రాశారు?" నా బల్ల తాళం తీసి వాళ్ల ముందు పెట్టాను. మూడు నిమిషాల్లో అయిపోయింది. టీచరమ్మ నా వైపు చూడకుండా వెళ్లిపోయింది. మర్నాడు నన్ను ఈ వార్డుకి పంపారు. కాళ్ల వాపు తగ్గింది, అదొక్కటే లాభం.

నేను రాసిన ఉత్తరం నువ్వు అచ్చు వేశావు. మన ఇంట్లో ఉత్తరం అంటే నాన్న కూడా అడక్కుండా విప్పేవారు కాదు. ఆ విభాగం నుంచి తీసేసినందుకు నాకు బాధ లేదురా. మీ బావ ఆ కాగితం ఎవరి చేతిలోనో చూసి ఇంటికి తెచ్చి, ఏమీ అనకుండా మడిచి నా దిండు కింద పెట్టారు. అది నన్ను కోసింది.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఈ కవర్లో ఏమున్నాయో చూడు. నీ పన్నెండు కాగితాలు. ఆఫీసులో ఉంచలేదు, చించలేదు. ఇంట్లో నా చీరల కింద దాచాను.

ఒక్కోటీ పక్కపక్కన పరిచి చూడు, నేను మార్చి ఎనిమిదిన మా బల్ల మీద పరిచినట్టు. నాలుగు రంగుల పెన్నులు మార్చావు, తెలివే. ఒకటి రెండు ఎడమ చేత్తో పెట్టినట్టున్నావు. కానీ టిక్కు తోక పైకి వెళ్లి చివర కాస్త వెనక్కి వంగుతుంది. చిన్నప్పుడు లెక్కల పుస్తకంలో నీకు నువ్వే టిక్కులు పెట్టుకుని నాన్నకి చూపించేవాడివి. ఆ తోక నాకు తెలీదా?

తోకని కూడా కాదనుకుందామనుకున్నాను. ఐదో కథకి పన్నెండు మందీ 'కనిపెట్టుకుని ఉండటం' పెట్టారు. సరే, మీ వార్డు కథే కదా. కానీ మూడో కథకి కూడా పన్నెండు మందీ అదే పెట్టారు. యంత్రం చూస్తుంటే అంకెలు రాసుకుని వెళ్లడం పరిశీలన. అక్కడ గడియారం సిస్టర్ తప్పు టిక్కు పెడుతుందా? పన్నెండు మంది ఒకే ఒప్పు పెడితే నమ్మొచ్చు. పన్నెండు మంది ఒకే తప్పు పెట్టరు. ఒక్కడే పెడతాడు, పన్నెండు సార్లు.

కాగితాల గడువు దగ్గరపడినా పట్టిక మూయడానికి ఇంకా వారం ఉంది. నీకు ఒక ప్రశ్న రాసి పంపాను. నిజం చెప్పి ఉంటే టీచరమ్మ కాళ్లు పట్టుకునైనా వారం గడువు తెచ్చేదాన్ని. మనుషుల్ని పంపి మళ్లీ రాయించేదాన్ని. నువ్వు నన్ను ఆఫీసు గాలి సోకిందన్నావు.

అప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. దొంగ కాగితాలు వచ్చాయని రాస్తే నీ ఉద్యోగం పోతుంది. అందలేదని రాస్తే ఆ మాట పోతుంది. నేను నిన్ను ఎంచుకున్నాను. దానికి ఏడో మంచం పంతులుగారు ఏం చెల్లించారో నీ కరపత్రంలో చదివాను. అందులో నా భాగం నాకు తెలుసు, నువ్వు గుర్తు చేయక్కర్లేదు.

నీ భాగం నువ్వు వెతుక్కో.

అక్క

మగవాళ్ల వార్డు
సెప్టెంబర్ 8

అక్కా,

మూడు వారాలు పట్టింది కాగితం తీయడానికి. పరిచి చూశాను. తోక ఉంది.

ఆ రోజు ఏం జరిగిందో రాస్తాను. మార్చి నాలుగున ఆరు కాగితాలు ఖాళీగా తిరిగొచ్చాయి, మందు సీసా మరకది కూడా. నాకు ఒళ్లు మండింది. వాళ్ల కోసమే కదా ఇంత చేస్తున్నాను, వాళ్ల మనసులో ఏముందో నాకు తెలీదా అనుకున్నాను. మిగతా ఆరు నిండి వచ్చాయి. నాతో కలిపే ఆరు. విప్పి చూస్తే నాది తప్ప ఐదూ నాకు నచ్చినట్టు లేవు. వీళ్లు మాటని చంపేస్తారని భయమేసింది. ఆరూ చింపి, కొత్త కాగితాలు జిరాక్సు తీయించి, పన్నెండూ నేనే నింపాను. ఆ ఐదింట్లో నచ్చనిది ఏ కథో ఇప్పుడు గుర్తు చేసుకోవాలంటే భయంగా ఉంది.

ముందు నర్సింగ్ సూపరింటెండెంట్ గదికి వెళ్లి అంతా రాసిచ్చి సంతకం పెట్టాను. మీ కమిటీకి ఒక కాపీ పంపాను, కాగితాలు నువ్వు పోగొట్టలేదని, నా పని దాచావని. అది నీకు మేలో కీడో తెలీదు, నిజం అదే కాబట్టి రాశాను. విచారణ నడుస్తోంది. అది తేలేదాకా నేను వార్డు పని చేయొచ్చు గానీ ఏ రిజిస్టరూ, కంప్యూటరూ ముట్టుకోకూడదు. నేను చేసిన పని పక్కవాళ్లు రాసి సంతకం పెడతారు.

తర్వాత వార్డులో చెప్పాను. ఆక్సిజన్ పెట్టె ఎక్కలేదు. నిలబడి చెప్పాను. కాలు బెణికిన సిస్టర్ అంది, "అందరి ఓట్లూ నువ్వే వేసేసుకుని మళ్లీ మాకు హక్కుల గురించి చెప్తావేంట్రా కరపత్రం?" ఎవరూ నవ్వలేదు. నేను నవ్వుతారనే అనుకున్నాను.

బట్టల గదికి వెళ్లాను. గడియారం సిస్టర్ దుప్పటి మడత పెడుతోంది. అంతా విని ఒక్కటే అడిగింది. "నా కాగితంలో ఏం పెట్టావు?" చెప్పాను. మూడో కథ దగ్గర ఆగి, "నేనలా పెట్టానా?" అంది. "మీరు పెట్టలేదు సిస్టర్, నేను పెట్టాను" అన్నాను. "అదే అంటున్నా. నలభై ఏళ్లు ఈ పని చేసి ఆ మాత్రం తెలీని మనిషిని చేశావు నన్ను" అంది. దుప్పటి రెండో కొస నా చేతికిచ్చి మడత పెట్టించింది.

మళ్లీ పరీక్ష పెట్టాం. ఎవరూ ఆర్డరు వేయలేదు, వాళ్లే అడిగారు. గ్లవ్స్ అట్టపెట్టెకి చీలిక పెట్టి అందులో వేశాం. ఒక్కొక్కరూ మందుల గదిలోకి వెళ్లి తలుపేసుకుని నింపారు. గడియారం సిస్టర్ బట్టల గది నుంచి వచ్చి నింపి వెళ్లింది. నేనూ నింపాను, నువ్వు చెప్పిందీ సిస్టర్ చెప్పిందీ పక్కన పెట్టి నాకు తోచిందే పెట్టాను. పెట్టె నేను విప్పలేదు, అలాగే అతికించి పంపుతున్నాను. పట్టిక మళ్లీ సవరించేది రెండేళ్లకని తెలుసు. నువ్వు విప్పి చూసి టీచరమ్మకి చేర్చు.

కరపత్రాలు దొరికినన్ని పీకేశాను. మెట్ల మీదవి గోకాను, జిగురు మరకలు పోలేదు.

నన్ను క్షమిస్తావా అని అడగడానికి నాకు మొహం లేదు. అయినా అడుగుతున్నాను.

తమ్ముడు

ఆడవాళ్ల వార్డు
సెప్టెంబర్ 20

చిన్నోడికి,

పెట్టె విప్పాను. పన్నెండు రకాల టిక్కులు. ఒకావిడ టిక్కు బదులు చుక్క పెట్టింది. మందు సీసా మరక ఈసారి కూడా ఉంది.

ఐదో కథకి పన్నెండుకి పన్నెండు. మేస్త్రీ దగ్గర స్టూలు వేసుకున్న నర్సు చేసినది ఏంటో మీ వార్డులో అందరికీ తెలుసు. మార్చిలోనూ తెలుసన్నమాట. నువ్వు వాళ్లని వాళ్ల మానాన వదిలేసి, ఖాళీగా వచ్చిన ఆరు కాగితాలకి ఇంకోసారి అడిగి ఉంటే సరిపోయేది. ఇది రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

మూడో కథకి పదకొండు మంది 'పరిశీలన' పెట్టారు. ఒక్కరు మాత్రం 'కనిపెట్టుకుని ఉండటం' పెట్టారు. దాని తోక వెనక్కి వంగి ఉంది.

చూసి నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఇంత గొడవా చేసి ఈ మాట కోసం ఎనిమిది వందల కరపత్రాలు వేసిన వాడికి ఒక్కడికే అదేంటో ఇప్పటికీ తెలీదు. మార్చిలో నీ పన్నెండూ నేను కళ్లు మూసుకుని దాటించి ఉంటే, ఆ మాట పట్టికలోకి వచ్చేది, యంత్రం అంకెలు రాసుకుని వెళ్లే పనికి పేరుగా. గడియారం సిస్టర్ని అప్పుడు కూడా బట్టల గదికే పంపేవారు.

నీ కాగితం దిద్దలేదు. పన్నెండూ ఉన్నవి ఉన్నట్టే టీచరమ్మకి పంపాను. పదకొండు చాలు.

క్షమించానా అని అడిగావు. లేదు. ఉత్తరాలు రాస్తూ ఉండు, మీ బావ విప్పరు. ఇంటికి మాత్రం ఇప్పుడే రాకు.

విచారణ తేలేదాకా నీ దగ్గర పెన్ను లేదు, కంప్యూటరు లేదు. మంచిదే అయింది. ఆ మేస్త్రీ బాగుచేసిన స్టూలు ఏడో మంచం పక్కనే ఉంది కదా. డ్యూటీ అయిపోయాక ఒక గంట వెళ్లి కూర్చో. నాడి పట్టుకోకు. గడియారం చూడకు. వచ్చి ఏం చూశావో నాకు రాయి.

అక్క